అమ్మలూ, ఆ 45 వేరు, ఈ 45 వేరు

పార్వతీపురం,
ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగింది నాకు సగమే వినపడింది. ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడ్డ చెవులు కదా! అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఎన్‌సీసీ క్యాంపు క్విజ్‌లో ధనుష్ ఫిరంగిని 155/45 అంటారు, అందులో 45 ఏమిటని అడిగితే, "తూటా ఖోకా పొడవు, మిల్లీమీటర్లలో" అన్నావట, అంటే పేలుడు మందు నింపే లోహపు డొల్ల పొడవని. అందరూ నవ్వారట. నవ్వేంత తప్పేం కాదులే. ఇన్సాస్ రైఫిల్‌ది 5.56×45 కదా, అక్కడ 45 అంటే నువ్వు చెప్పిందే. అది బుర్రలో ఉండిపోయి, ఇక్కడ నోటికొచ్చింది.

క్యాలిబర్ అంటే ముందు గొట్టం లోపలి అడ్డకొలత. రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులుంటాయి. దుక్కి దున్నాక చాళ్లు, వాటి మధ్య గట్లు ఉన్నట్టే. ఒక గట్టు మీద నుంచి ఎదుటి గట్టు దాకా కొలుస్తారు. నువ్వు క్యాంపులో పేల్చిన పాయింట్ టూ టూ అంటే 0.22 అంగుళం. దాన్ని 25.4తో గుణించి చూడు, 5.6 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. అంటే ఇన్సాస్‌కీ దానికీ బెజ్జం దాదాపు ఒకటే. కానీ నీ రైఫిల్ తూటా ఖోకా 15 మిల్లీమీటర్లు, ఇన్సాస్‌ది 45. మందు పట్టే చోటంతా అక్కడే ఉంది. అందుకే ఒకటి అట్ట మీద బొక్క పెట్టడానికి, ఇంకోటి యుద్ధానికి. క్యాలిబర్ విని తుపాకి బలం చెప్పేసేవాళ్లని నమ్మకు.

ఇక పెద్ద ఫిరంగుల సంగతి. అక్కడ క్యాలిబర్ అన్న మాటే కొలబద్ద కూడా అవుతుంది. 155 లోపలి వ్యాసం, 45 అంటే గొట్టం పొడవు ఆ వ్యాసానికి 45 రెట్లని. 155ని 45తో గుణిస్తే 6,975 మిల్లీమీటర్లు, ఏడు మీటర్లనుకో. మా బోఫోర్స్ 39 క్యాలిబర్లు, ఆరు మీటర్లు. కొత్తగా వచ్చిన అటాగ్స్ 52, ఎనిమిది మీటర్లు దాటింది. గొట్టం పొడుగైతే మందు గ్యాసు గుండుని ఎక్కువసేపు వెనకనుంచి నెడుతుంది, వేగం పెరుగుతుంది, దూరం పోతుంది. అలాగని ఎంతైనా పెంచలేరు. బరువు పెరుగుతుంది, కొండదారి మలుపుల్లో తిప్పేవాడికి చుక్కలు కనిపిస్తాయి.

బోఫోర్స్ అంటే మన ఊళ్లో ఇప్పటికీ కుంభకోణమే గుర్తొస్తుంది. 1986లో 410 కొన్నారు. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ కొండల మీద దాని పని చూసినవాడిని కాబట్టి నాకు మాత్రం ముందు ఆ మోతే గుర్తొస్తుంది. ఒక్కో గుండు సుమారు 43 కిలోలు. అంత ఎత్తులో గాలి పలచన, గుండు మైదానంలో కంటే దూరం పోయేది. మోసే మనుషులకు మాత్రం ఆ పలచన గాలిలో ఊపిరి అందేది కాదు.

ఈ లెక్క నాకు నేర్పింది హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో మా ఉస్తాద్. ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకి ఎక్కకపోతే, గొట్టం మూతికి అడ్డంగా పుల్ల పెట్టి లోపలి కొలతకి విరిచాడు. నన్ను నేల మీద పడుకోమని, ఆ పుల్లతో పాదాల నుంచి తల దాకా కొలిచాడు. పదకొండు పుల్లలు. "నువ్వు పదకొండు క్యాలిబర్ల గన్‌వి, లే!" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

పెళ్లయ్యాక మీ అమ్మనీ అలాగే కొలిచాను, తిట్లు తిన్నాననుకో. పదికి ఒక వేలు తక్కువ. ఈసారి సంక్రాంతికి నువ్వు రా, నిన్నూ గోడకి నిలబెట్టి కొలుస్తాను. మీ అమ్మని దాటేశావని నా అనుమానం.

మీ నాన్న