కలం ఉంది, గుడ్డ ఉంది, జాడించే నీళ్లేవి?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినం వస్తే పత్రికల్లో, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ మీద ఫొటోలూ వ్యాసాలూ వస్తాయి. వెదురు కలం, రామాయణ భారత కథలు, వేళ్లూ కాయలూ ఉడికించి తీసిన రంగులు, అన్నీ రాస్తారు. నీళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ పనిలో సగం కలంతో అయితే సగం పారే నీళ్లతో. మా ఊరి పక్కన పారే స్వర్ణముఖి వానలను నమ్ముకున్న ఏరు. ఏడాదిలో చాలా నెలలు ఇసకే కనిపిస్తుంది. ఈ ఉత్తరం ఆ నెలల గురించి.

పని తెలియనివారికి కొంచెం వివరంగా చెప్పాలి. గాడా గుడ్డను, అంటే చలువ చేయని ముతక నూలు గుడ్డను, రాత్రంతా నానబెట్టి, ఉతికి గంజి వదిలించాలి. గంజి మిగిలిన చోట కరక్కాయ పట్టదు. తర్వాత మీటరు గుడ్డకు సుమారు 50 గ్రాముల కరక్కాయ పొడి, పావు లీటరు వెన్న తీయని గేదె పాలు, మునిగేటన్ని నీళ్లు (ఈ కొలతలు ఇంటింటికీ మారతాయి). కరక్కాయలోని వగరు నలుపును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు గీతను పాకనివ్వదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని సమంగా పిండాలి. ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా పిండితే ఆ మడతల వెంటే గీత చెదురుతుంది. మబ్బు రోజున తడిపితే పాలు ముక్కిపోయి మరకలు పడతాయి.

చింతబొగ్గుతో బొమ్మ గీసుకుని దాని మీద కసిమితో నల్లగీత వేస్తారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి, రెండు మూడు వారాలు పులియబెడితే కసిమి తయారవుతుంది. గీసేటప్పుడు వెలిసిపోయినట్టు ఉండి, గుడ్డలోని కరక్కాయతో కలిశాక నల్లబడుతుంది. ఘాటు ఎక్కువైనా, మిగులు కసిమి గుడ్డలోనే ఉండిపోయినా కొన్నేళ్లకు గీత ఉన్నచోటే గుడ్డ చివికిపోతుంది. పాత వస్త్రాల్లో బొమ్మ అంచుల వెంట చిల్లులు కనబడేది అందుకే. కాబట్టి గీత ఆరాక బాగా జాడించాలి.

అసలు గండం పటిక దగ్గర. ఎర్రగా రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు, లీటరుకు సుమారు 100 గ్రాములు. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, గుడ్డలో పట్టుకోని పటికనంతా నీళ్లలో వదిలించాలి. ఏటిలో అయితే మోకాలి లోతు ప్రవాహంలో ఇద్దరు గుడ్డను మడత పడకుండా విప్పి పట్టుకుంటే చాలు, ఊడిన పటిక ఊడినట్టే కిందికి పోతుంది. తొట్టిలో అది పోయే దారి లేదు. ఒకచోట ఊడి, తెల్లగా ఉండాల్సిన ఇంకోచోట పట్టుకుంటుంది. పటికకు రంగు లేదు గనక అప్పుడు కంటికి ఏమీ తెలియదు. తర్వాత ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వేసి రాగి అండాలో ఉడికించినప్పుడు దేవతల ముఖాలూ ఖాళీ నేలా అన్నీ గులాబి రంగు తేలతాయి. తప్పు జరిగింది కడుగులో, బయటపడింది అండాలో. అప్పటికి పెద్ద తెర అయితే వారాల గీత పని అయిపోయి ఉంటుంది. పేడనీళ్లలో నానబెట్టి, ఇసక మీద పరిచి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే కొంత తెలుపు తిరిగొస్తుంది. పూర్తిగా రాదు. పైగా అదీ ఏటి ఒడ్డున చేసే పనే.

పసుపు, నీలి, ఆకుపచ్చ ఆ తర్వాత. వాటితో ఇంత బాధ లేదు. మొత్తం మీద ఒక్క గుడ్డ ఏడెనిమిది సార్లు నీళ్లలోకి దిగుతుంది.

ఏరు ఎండినప్పుడు పెరట్లో తొట్లే గతి. అయిదున్నర మీటర్ల చీరకు పటిక కడుగులోనే మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చాలి. ట్యాంకరు కొనుక్కునేవాడు నాలుగోసారి మార్చడానికి వెనకాడతాడు, అది మానవ సహజం. ఇక బోరు నీళ్లు. నీళ్లలో సున్నం ఉంటే ఎరుపుకు నష్టం లేదు, ఒకరకంగా మంచిదే. ఇనుము ఉంటేనే కొంప మునుగుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డ ఆ నీళ్లు తగలగానే మసిబారుతుంది, ఎరుపు వంకాయ రంగుకు తిరుగుతుంది. తుప్పు పట్టిన పైపు ఉన్నా అంతే. కొత్త సిమెంటు తొట్టి ఇంకో చిక్కు. దాని క్షారం ఊరి కరక్కాయ గోధుమ రంగుకు మారుతుంది.

కెమికల్ రంగులు వాడుతున్నారని, ప్రింటు చీరలను కలంకారీ అంటున్నారని పనివాళ్లను నిందించేవారు చాలామంది. అందులో నిజం ఉంది. కానీ ఆశ ఒక్కటే కారణం కాదు. బజారులో దొరికే రంగుకు ఇన్ని కడుగులు అక్కర్లేదు. మార్చి నుంచి వానలు పడేదాకా నీళ్లు లేని ఇంటికి ఆ డబ్బా తేలిక దారి. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ వాళ్లూ ఇదే కరక్కాయ, ఇదే పటికతో కాలువలను నమ్ముకునే పని చేస్తారు. కాలువ కట్టేసిన రోజుల్లో వాళ్లకూ ఇదే తిప్పలు.

1950లలో, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో కాళహస్తికి కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చింది. 2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ ఇచ్చారు. భౌగోళిక గుర్తింపూ (జీఐ) ఈ ఊరి పేరు మీదే ఉంది. నేర్పడానికి బడి వచ్చినప్పుడు రేవు కావాలని ఎవరికీ తోచి ఉండదు, ఏరు ఉంది కదా. ఇప్పుడు తోచాలి.

అడిగేది పెద్ద భవనం కాదు. మెట్ల వరుసగా మూడు తొట్లు, ఒక్కోటి సుమారు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. లోపల నాపరాయి గానీ టైల్స్ గానీ పరవాలి. పై తొట్టిలోకి మంచినీళ్లు నిరంతరం పడుతూ, అక్కడి నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి పొర్లాలి. గుడ్డ మాత్రం కింది తొట్టిలో మొదలై పైకి ఎక్కాలి. ఇలా అయితే ప్రతి కడుగుకూ తొట్టి ఖాళీ చేయనక్కర్లేదు, చివరి జాడింపు ఎప్పుడూ తేట నీళ్లలోనే పడుతుంది. పైపులు ప్లాస్టిక్‌వే వేయాలి. బోరు తవ్వగానే ఇనుము పరీక్ష చేయించాలి, తేలితే ఆ బోరు పనికిరాదు. చుట్టూ గడ్డి నేల వదలాలి, రేకుల షెడ్డు వేస్తే ఎండ పోతుంది. వాడిన నీళ్లను ఇసక గుంటలోకి మళ్లించాలి. చెట్ల రంగులే కదా అని తిరిగి ఏట్లోకే వదలడం తప్పు, వాటిలో పటికా ఇనుమూ ఉంటాయి.

హస్తకళల శాఖ, పురపాలక సంఘం కలిసి స్థలం చూసే రోజున కార్యాలయాల్లో కూర్చుని గీత గీయకుండా, అండా దగ్గర నిలబడే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. వేసవిలో వెళితే మరీ మంచిది.

ఇట్లు,
కొందరు కలంకారీ పనివారు,
శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా.