కొత్తగా వచ్చిన కుటుంబాలు, కనబడని గ్రైండరు: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన నివేదిక ఏటా ఉగాదితో మొదలై దీపావళితో ముగుస్తుంది. ఈసారి ఆ వరస మార్చాను. ఈ ఏడాది సంఘం చేసిన పనిలో వేదిక మీద కనిపించింది తక్కువ. వంటిళ్లలో, ఫోన్లలో, కరెంటు మీటర్ల ముందు జరిగింది ఎక్కువ. ఇండోనేషియాలో జకార్తా, బెకాసీ, చికారాంగ్ వైపు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు కుదురుకోవడానికి మనం చేసిన సాయం గురించే ముందు చెబుతాను. పండుగల ఫొటోలు ఎలాగూ మీ అందరి దగ్గరా ఉన్నాయి.

జూన్‌లో రాజమహేంద్రవరం నుంచి బెకాసీకి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పేర్లు రాయనని మాట ఇచ్చి, వారి అనుమతితోనే ఇదంతా చెబుతున్నాను. దిగిన నాలుగో రాత్రి, రెండు గంటలకు నాకు ఫోను. "అన్నయ్యగారూ, గోడలో ఏదో కూస్తోందండీ, ఎంతకీ ఆగడం లేదు." కూసేది కరెంటు మీటరు. ఇక్కడ చాలా ఇళ్లలో కరెంటుకు ముందే డబ్బు కట్టాలి. టోకెన్ కొంటే ఇరవై అంకెలు వస్తాయి, వాటిని మీటరు మీద నొక్కాలి. నిల్వ అడుగంటితే అది కూత మొదలుపెడుతుంది. ఆయన మీటరు నంబరు చెబితే నేను టోకెన్ కొని, అంకెలు నాలుగేసి చొప్పున చదివాను. ఆవిడ దీపం చూపిస్తుంటే ఆయన నొక్కారు. పదమూడో అంకె దగ్గర పొరపాటు జరిగి మళ్లీ మొదటికొచ్చాం. రెండోసారికి కూత ఆగింది. తెల్లవారాక ఏసీ, రైస్ కుక్కరు నడుస్తుండగా మిక్సీ వేశారు, ఇల్లంతా కరెంటు పోయింది. ఆ ఇంటి కనెక్షన్ 1,300 వీఏ (వోల్ట్ ఆంపియర్లు), అంతకు మించి లోడు మోయదు. అద్దెకు దిగే ముందు ఈ అంకె అడగాలని మనం ఎవరికీ చెప్పలేదు. ఇది మన లోపమే. ఇప్పుడు కొత్తవారికి పంపే కాగితంలో మొదటి వరుస ఇదే.

రెండో వరుస ఫోను గురించి. మన దేశం నుంచి తెచ్చిన ఫోనులో ఇక్కడి సిమ్ వేసుకుని వాడాలంటే, విమానాశ్రయంలోనే కస్టమ్స్ వారి దగ్గర ఐఎమ్ఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) నమోదు చేయించుకోవాలి. లేకపోతే కొన్నాళ్లకు సిగ్నల్ ఆగిపోతుంది. మూడోది, కితాస్ (తాత్కాలిక నివాస అనుమతి) కార్డు పని ఏజెంటుకు అప్పగించినా, పాస్‌పోర్టు ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం. ఈ ఏడాది ఒక సభ్యుడి పాస్‌పోర్టు ఒక ఏజెంటు దగ్గర ఇరుక్కుపోయి, ఊళ్లో తమ్ముడి పెళ్లికి ఆయన వెళ్లలేకపోయారు.

నాలుగోది పాక్ ఆర్‌టీ. వీధికి పెద్దలాంటి ఈయనను కొత్తగా ఇల్లు చేరినవారు ఒకటి రెండు రోజుల్లో కలిసి, కాగితాల నకళ్లు ఇచ్చి పలకరించాలి. మనవాళ్లు దీన్ని ఆఫీసు పనిగా భావించి కంపెనీ డ్రైవరును పంపిస్తున్నారు. దయచేసి మీరే వెళ్లండి. మార్చి మొదటి వారంలో బెకాసీని వరద ముంచినప్పుడు మన సభ్యుల ఇళ్లకు మొదట వచ్చింది మనం కాదు, వీధివాళ్లు. మన వంట పొట్లాలు మర్నాడు మధ్యాహ్నానికి గానీ చేరలేదు.

ఇక వంటిల్లు. ఇక్కడి బియ్యం అన్నం వండితే ముద్దవుతుందని ప్రతి కుటుంబమూ మొదటి నెల బాధపడుతుంది. దుకాణంలో "బెరాస్ పెరా" అని అడగండి, పొడిపొడిగా వస్తుంది. సుమత్రాలోని పదాంగ్ వారు తినేది అదే. అయిదు కిలోల సంచి 75 వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రుపియా అని చెప్పకుండా ఈ మాట ఊళ్లో అత్తగారితో అనకండి. పెరుగుకు తోడు మాత్రం బెకాసీలో ఒక వదినగారి ఇంటి నుంచి బయలుదేరి, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుతూ కరవాంగ్ వరకూ వెళ్లింది. నెలకోసారి ఎవరో ఒకరు గిన్నెలో చుక్క మిగల్చకుండా తినేసి, మళ్లీ అడుగుతూనే ఉన్నారు.

రాజమహేంద్రవరం ఆవిడకు ఇంటి వెనక గోడ పక్కన మునగచెట్టు కనబడింది. ఆనందంగా ఆకు కోస్తుంటే పక్కింటి పెద్దావిడ కంగారుగా వచ్చి చేయి పట్టుకున్నారు. "కెలోర్" (మునగ) అంటూ చేతులతో ఏదో చూపించారు, ఈవిడకు అర్థం కాలేదు. నన్ను అడిగితే చెప్పాను: జావాలో చాలామంది మునగాకును చేతబడి తీయడానికి, శవానికి స్నానం చేయించేటప్పుడు వాడతారు. ఇంట్లో ఎవరికి ఏమైందోనని ఆ పెద్దావిడ భయం. సాయంత్రం ఈవిడ మునగాకు పప్పు గిన్నెతో పక్కింటికి వెళ్లారు. పెద్దావిడ వాసన చూసి, చెంచాడు తిని, కారం ఇంకొంచెం ఉంటే బాగుండేదన్నారు. గుంటూరు కారానికి ఈ దేశంలో ఎదురైన మొదటి ఫిర్యాదు ఇదే కావచ్చు.

శనివారం భాషా తరగతికి హాజరు బాగుంది, మగవాళ్లది తప్ప. ఇక్కడి భాషలో సంస్కృతం చాలా ఉంది కాబట్టి సులువనుకుంటాం, దెబ్బ అక్కడే తింటాం. సుఆమి అంటే భర్త, మన స్వామే. ఇస్త్రీ అంటే భార్య. మన సభ్యుడొకరు లాండ్రీలో చొక్కాలు చూపిస్తూ "ఇస్త్రీ, ఇస్త్రీ" అన్నారు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, భార్య ఎప్పుడు వస్తారని అడిగింది. చొక్కాల ఇస్త్రీకి ఇక్కడి మాట "సెత్రికా". "పెలాన్ పెలాన్" మాత్రం అందరికీ మొదటి రోజే వచ్చేసింది. అది మన "మెల్లమెల్లగా"యే.

పండుగల సంగతి క్లుప్తంగా. ఈ ఏడాది మార్చి 29 శనివారం బాలివారి కొత్త సంవత్సరం న్యెపి, 30 ఆదివారం మన ఉగాది, 31 సోమవారం లెబరాన్, అంటే రంజాన్ పండుగ. శక సంవత్సరం 1947 వారికీ మనకూ ఒక రోజు తేడాతో మొదలైంది. లెబరాన్‌కు డ్రైవర్లు, పనివాళ్లు, దుకాణదారులు అందరూ ఊళ్లకు పోతే జకార్తా ఖాళీ. హాలు దొరకలేదు, ఒక సభ్యుడి ఇంట్లోనే చేసుకున్నాం. వేపపువ్వు దొరక్క బొప్పాయి పువ్వు వేశాం. మనాదో వారు కూర వండుకునే ఆ పువ్వు చేదులో వేపకు తీసిపోలేదు. మన బెల్లం బదులు ఇక్కడి ముదురు రంగు బెల్లం గులా జావా వేయడంతో పచ్చడి నల్లగా వచ్చింది. పిల్లలు ముట్టుకోలేదు, పెద్దలు రెండోసారి అడిగారు.

ఆగస్టు 15న మన జెండా, 17న ఇండోనేషియా 80వ స్వాతంత్ర్య దినోత్సవం. ఈసారి మనం విడిగా పోటీలు పెట్టకుండా పిల్లలను వారి వారి వీధుల్లోని పోటీలకే పంపాం. దారానికి వేలాడే అప్పడాన్ని చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో అందుకోవాలి. బెకాసీలో రాజమహేంద్రవరం చిన్నబ్బాయి గెలిచి బకెట్టు తెచ్చుకున్నాడు. ఆగస్టు 27న వినాయక చవితి. ఆ వారంలోనే నగరంలో ఆందోళనలు ముదరడంతో సామూహిక నిమజ్జనం మానుకుని, ఎవరి ఇంట్లో వారే చేసుకోమన్నాం. ఆ చిన్నబ్బాయి తన బకెట్టులోనే నిమజ్జనం చేశాడట. దీపావళి విందు బాగా జరిగింది. అయితే దాని ఖర్చు పక్కన కొత్త కుటుంబాల కోసం పెట్టిన ఖర్చు చూస్తే నాకు సిగ్గేసింది. లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఆ రెండు పద్దులూ పక్కపక్కన చదవమని కోరాను.

చివరిగా అరువు అలమర. అడాప్టర్లు, కుక్కర్లు, పిల్లల పుస్తకాలు తిరిగి వచ్చాయి. వెట్ గ్రైండరు రాలేదు. తీసుకెళ్లినవారు రిజిస్టరులో పేరు రాయలేదు. అయితే వారు డ్రమ్ము మాత్రమే పట్టుకెళ్లారు, రాళ్లు మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో ఇడ్లీ ఎలా అవుతోందో తెలుసుకోవాలని ఉంది. ఆదివారాల్లో మధ్యాహ్నం మూడు తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
కార్యదర్శి