300 ఎంఎం లెన్స్‌లో కుడివైపు చుక్కలు చెదురుతున్నాయి: మార్చి ఇవ్వాలని కోరుతూ ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న 300 ఎంఎం ఎఫ్4 టెలిఫోటో లెన్స్‌లో తయారీ లోపం, సర్వీస్ సెంటర్ సరిచేయకుండా తిప్పి పంపడం గురించి.

అయ్యా,

విశాఖలోని మీ అధీకృత డీలర్ దగ్గర నేను కొన్న 300 ఎంఎం లెన్స్‌లో లోపల ఏదో ఒక గాజు ఎలిమెంట్ సెంటర్ తప్పి ఉంది. ఫ్రేమ్ ఎడమ సగం బాగా వస్తోంది, కుడి సగం పాడవుతోంది. సర్వీస్‌కు పంపితే ఏమీ చేయకుండా వెనక్కి వచ్చింది. మళ్లీ పంపితే ఈసారి ఒక ఉత్తరం కూడా జత చేశారు. లెన్స్ మీ ప్రమాణాల పరిధిలోనే ఉందనీ, నక్షత్రాల ఫొటోగ్రఫీ సాధారణ వాడకం కిందికి రాదు కాబట్టి వారంటీ వర్తించదనీ అందులో రాశారు. ఆ రెండు మాటలూ నేను ఒప్పుకోవడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి. ఇంతకుముందు నేను రాసింది ఎవరూ పూర్తిగా చదవలేదని మీవాళ్ల జవాబు చూస్తేనే తెలిసిపోయింది.

నాకు గాజువాకలో చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు తీస్తాను. ఈ లెన్స్ మాత్రం ముఖ్యంగా ఆకాశం కోసమే కొన్నాను. నక్షత్ర గుచ్ఛాలంటే, అంటే గుంపుగా కలిసి ఉండే నక్షత్రాలంటే, నాకు ప్రాణం. వాటికి టెలిస్కోపే కావాలని చాలామంది అనుకుంటారు గానీ, పెద్ద గుచ్ఛాలకి 300 ఎంఎం లెన్సే సరిగ్గా సరిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద అది దాదాపు ఏడు డిగ్రీల వెడల్పు చూపిస్తుంది. కృత్తికలు రెండు డిగ్రీల లోపే ఉంటాయి, హాయిగా మధ్యలో కూర్చుంటాయి. రోహిణి చుట్టూ ఉన్న గుంపు దాదాపు ఫ్రేమ్ అంతా నిండుతుంది. టెలిస్కోపులో చూస్తే ఇవి ముక్కలైపోతాయి, మొత్తం ఒక్కసారి కనబడవు. అందుకే లక్షకు పైగా పెట్టి మీ లెన్స్ కొన్నాను. మీ బ్రోషర్‌లో పాలపుంత ఫొటో పక్కన "రాత్రి ఆకాశానికి కూడా" అని మీరే అచ్చు వేశారు. ఆ బ్రోషర్ జత చేస్తున్నాను.

కొన్న వెంటనే ఎందుకు చెప్పలేదని ఫోన్‌లో అడిగారు. కార్తీక మాసంలో మొదట తీసింది కృత్తికల్నే. అవి ఫ్రేమ్ నడిమధ్యలో ఉంటాయి, మధ్యలో ఈ లెన్స్ చాలా చక్కగా పనిచేస్తుంది. ఆ మాట కూడా నిజాయితీగా చెబుతున్నాను. లోపం బయటపడాలంటే అంచులదాకా చుక్కలు పరుచుకున్న చోటు కావాలి. అది శివరాత్రికి దొరికింది.

శివరాత్రి అంటే అమావాస్య ముందు రాత్రి, చంద్రుడి వెలుగు బెడద ఉండదు. విశాఖలో పోర్టు, స్టీల్ ప్లాంట్ దీపాలకి ఆకాశం తెల్లబడిపోతుంది కాబట్టి ఘాట్ రోడ్డెక్కి లంబసింగి వెళ్లాను. అందరూ గుళ్లో జాగారం చేస్తుంటే నేను ట్రైపాడ్ దగ్గర చేశాను. తెల్లవారుజామున నాలుగు దాటాక ఆగ్నేయంలో వృశ్చికం తోక, మన మూలా నక్షత్రం, కొండల పైకి వచ్చింది. ఆ తోక కొండి పక్కనే రెండు గుచ్ఛాలున్నాయి. ఒకటి ఎం7, అంటే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త మెస్సియర్ పట్టికలో ఏడోది. సుమారు క్రీస్తుశకం 130లో ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలమీ రాసిపెట్టాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. చంద్రబింబానికి రెండింతలకు పైగా వెడల్పుంటుంది, దూరం దాదాపు వెయ్యి కాంతి సంవత్సరాలు. రెండోది ఎం6, సీతాకోకచిలుక గుచ్ఛం. రెండింటికీ మధ్య సుమారు నాలుగు డిగ్రీలు. ఎం7ని 1764లో తన పట్టికలో చేర్చిన మెస్సియర్ ఉండేది పారిస్‌లో. అక్కడ అది దిక్చక్రం మీద ఆరు డిగ్రీలు దాటీ దాటనట్టు మాత్రమే పైకి వస్తుంది. మన విశాఖలో 37 డిగ్రీల పైకి వస్తుంది. ఇలాంటి ఆకాశం కింద పుట్టినందుకు నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అందుకే ఆ రెండింటినీ ఒకే ఫ్రేమ్‌లో తీయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

లెన్స్ కాలర్ (లెన్స్‌ని ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) దగ్గర కెమెరాని తిప్పి, ఎం6 ఎడమ సగంలో, ఎం7 కుడి సగంలో వచ్చేలా పెట్టాను. స్టార్ ట్రాకర్ (ఆకాశం కదిలినట్టే కెమెరాని తిప్పే పరికరం) మీద, ఎఫ్4లో, అంటే వెలుగు వచ్చే ద్వారం (అపెర్చర్) పూర్తిగా తెరిచి, నిమిషం నిమిషం ఎక్స్‌పోజర్లు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఎం6లో ప్రతి చుక్కా సూది మొనంత సన్నగా, గుండ్రంగా ఉంది. ఫ్రేమ్ జరిపి కుడికి వస్తే ఎం7 చుక్కలన్నీ ఒకే వైపు సాగి ఉన్నాయి. ముగ్గు చుక్క మీద వేలితో రాస్తే ఎలా అవుతుందో అలా, ఒక పక్క ముద్దగా, రెండో పక్క పలచగా పాకినట్టు. కుడి అంచుకి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒకటే మరకలా ఉన్నాయి. మసక చుక్కలైతే అసలు కనబడనే లేదు, వాటి వెలుగంతా చుట్టూ పాకిపోయింది.

నేను అప్పటికప్పుడే లెన్స్ తప్పని తేల్చేయలేదు. కెమెరాని, లెన్స్‌ని కలిపి తలకిందులుగా తిప్పాను. ఇప్పుడు ఎం7 ఎడమకి వచ్చింది, చక్కగా గుండ్రంగా వచ్చింది. కుడికి వెళ్లిన ఎం6 చెదిరింది. అంటే లోపం ఆకాశంలో లేదు, ట్రాకర్‌లో లేదు, మా సామానులోనే ఉంది. తర్వాత అదే కెమెరాకి వేరే లెన్స్ పెడితే నాలుగు మూలలూ బాగున్నాయి. మీ లెన్స్‌ని స్నేహితుడి కెమెరాకి పెడితే అక్కడా కుడి సగమే చెదిరింది. ఇక మిగిలింది మీ లెన్స్ ఒక్కటే.

ఇంత రుజువు పంపినా మీవాళ్లు రాసిన కారణాలు చూడండి.

ట్రాకర్ ధ్రువానికి సరిగ్గా అమర్చలేదేమో అన్నారు. ట్రాకింగ్ తప్పితే ఫ్రేమ్‌లో చుక్కలన్నీ ఒకే దిశలో గీతలవుతాయి, ఎడమ సగాన్ని వదిలేసి కుడి సగాన్ని మాత్రమే పట్టుకోవు. ఆ అనుమానం కూడా ఉండకూడదని ట్రాకర్ తీసేసి, మామూలు ట్రైపాడ్ మీద జ్యేష్ఠా నక్షత్రాన్ని కుడి అంచున పెట్టి పావు సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాను. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది, పావు సెకనులో అది లెక్కలోకి వచ్చేది కాదు. అయినా అదే ఆకారం, అదే దిశ. ఆ ఫైలు కూడా మీకు పంపాను.

తీరప్రాంతం తేమ, ఫంగస్ అన్నారు. మీ జాబ్ షీట్‌లోనే "ఫంగస్ లేదు, దుమ్ము లేదు, దెబ్బ తగిలిన గుర్తులు లేవు" అని మీ టెక్నీషియన్ రాశాడు. ఒకే ఫైలులో ఒక కాగితం ఒకటి చెబుతుంటే ఇంకో కాగితం ఇంకోటి చెబుతోంది. చలికి ఫోకస్ మారిందన్నారు. చలికి ఫోకస్ మారితే ఫ్రేమ్ మొత్తం మారుతుంది. పైగా లెన్స్‌ని బయటి చలికి అలవాటు పడనిచ్చి, లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసుకుని, బాహ్టినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసుకోవడానికి లెన్స్ ముందు పెట్టే గీతల పలక) పెట్టి ఫోకస్ చేశాను. చుక్క మధ్యలో ఉన్నప్పుడు మాస్క్ చూపించే మూడు గీతలూ ఒకేచోట కలిశాయి. ఫోకస్ రింగు ముట్టుకోకుండా అదే చుక్కని కుడి అంచుకి జరిపితే మధ్య గీత పక్కకి తప్పుకుంది.

ఇక మీ సర్వీస్ సెంటర్‌లో ఎలా పరీక్షించారో అడిగాను. ఫోన్ ఎత్తిన అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు.

"సార్, చార్ట్ మీద బాగానే వచ్చింది సార్."

"చార్ట్ ఎంత దూరంలో పెట్టారు బాబూ?"

"ఇక్కడే సార్, మా గదిలోనే."

"అపెర్చర్ ఎంత?"

"ఎఫ్8 సార్. మూలలు చూడలేదు సార్, సెంటర్ షార్ప్‌గా ఉంటే ఓకే చేస్తాం."

గదిలో, ఎఫ్8లో, మధ్యలో చూస్తే ఈ లోపం దొరకదు. ఎలిమెంట్ సెంటర్ తప్పితే అది అపెర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, అంచుల్లో బయటపడుతుంది. అది తెలియక కాదు, చూడలేదంతే. దూరంగా ఒక చిన్న వెలుగు చుక్క పెట్టి ఎఫ్4లో నాలుగు మూలలకీ జరిపి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. లెన్సులు తయారుచేసే కంపెనీకి నేను చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

ఎఫ్8 పెట్టుకుని తీసుకోమని సలహా కూడా ఇచ్చారు. ఎఫ్4 నుంచి ఎఫ్8కి వెళ్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. నిమిషంలో వచ్చేది నాలుగు నిమిషాలవుతుంది. తెల్లవారేలోపు దొరికే చీకటే కొంచెం, అందులో ముప్పాతిక వంతు వదులుకోమంటున్నారు. ఎఫ్8 చాలనుకుంటే ఇంత బరువు, ఇంత ఖరీదు ఉన్న లెన్స్ కొనేవాణ్ణే కాదు. ఎఫ్4 అని లెన్స్ మీద చెక్కి, ఎఫ్4 ధర తీసుకున్నాక, ఎఫ్4లో అది పనిచేయాలి.

"సాధారణ వాడకం కాదు" అన్న మాట దగ్గరికి వస్తాను, నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. నక్షత్రం అనేది లెన్స్‌కి ఎదురయ్యే అతి చిన్న వెలుగు బిందువు. దాన్ని బిందువుగా చూపించలేని లెన్స్ మిగతావాటినీ సరిగ్గా చూపించదు, మన కంటికి అంత తొందరగా తెలియదంతే. మొన్న ఒక రిసెప్షన్‌లో స్టేజీ వెనక సీరియల్ బల్బులు కట్టారు. ఎడమవైపు బల్బులు నీటుగా ఉన్నాయి, కుడివైపువి సాగిపోయాయి. పెళ్లికూతురి వాళ్లన్నయ్య ఆల్బమ్ చూస్తూ "అన్నా, ఈ పక్క లైట్లేంటి ఇలా ఉన్నాయి?" అని అడిగాడు. ఆయనకి నక్షత్రాలతో పనేమీ లేదు. కైలాసగిరి మీద నుంచి రాత్రిపూట సముద్రంలో లంగరు వేసిన ఓడల్ని తీశాను. కుడి అంచున ఉన్న ఓడ దీపం కూడా ఎం7 చుక్కలు సాగిన వైపుకే సాగింది. ఈ ఫొటోలూ జత చేశాను. వీటిని కూడా అసాధారణ వాడకం అంటారా?

నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ఈ లెన్స్ తీసుకుని కొత్తది ఇవ్వండి. ఇచ్చే ముందు దాన్ని ఎఫ్4లో, దూరపు వెలుగు బిందువు మీద, నాలుగు మూలల్లో పరీక్షించి ఆ ఫొటోలు నాకు ఇవ్వండి. అది కుదరకపోతే బిల్లు మొత్తం వాపసు చేయండి. రిపేరుకి మళ్లీ పంపమంటే మాత్రం ఒప్పుకోను, ఆ నమ్మకం పోయింది. అలాగే నక్షత్రాల ఫొటోగ్రఫీకి వారంటీ వర్తించదన్న మాటని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఇది నా ఒక్కడి కోసం కాదు. విశాఖలో ఆకాశం తీసే కుర్రాళ్లు నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు, జీతంలో మిగుల్చుకుని ఒక్కో లెన్స్ కొంటారు. రేపు వాళ్లకీ ఇదే ఉత్తరం వస్తే ఎవరితో చెప్పుకుంటారు?

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు. అమ్మేవాళ్లు తమ వస్తువు గురించి చెప్పుకున్న ప్రమాణాన్ని అది అందుకోకపోయినా చట్టం దృష్టిలో లోపమే, మీ బ్రోషర్ అందుకే దాచాను. స్టూడియో ఉంది కాబట్టి వ్యాపారం కోసం కొన్నానని వాదిస్తారేమో. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా వాడుకునేవాళ్లని కూడా ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. అంతదూరం వెళ్లాలని నాకేమీ సరదా లేదు. మే నెలలో ఎం6, ఎం7 అర్ధరాత్రి దాటాక దక్షిణాన బాగా పైకి వస్తాయి, జూన్‌లో రుతుపవనాలు వస్తే మళ్లీ నెలల తరబడి మబ్బులే. ఈలోపు మంచి లెన్స్ చేతికి వస్తే నాకు అదే చాలు.

బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు, మీ ఉత్తరం, బ్రోషర్ నకళ్లు, పైన చెప్పిన ఫొటోల అసలు ఫైళ్లున్న పెన్ డ్రైవ్ దీనితో పంపుతున్నాను. లెన్స్ నా దగ్గరే ఉంది. ఇక కొరియర్‌లో పంపను. మీ ప్రతినిధి విశాఖ వస్తే డీలర్ షాపులోనే, ఇద్దరి ఎదుటా పరీక్ష చేసి చూపించి, రసీదు తీసుకుని అప్పగిస్తాను. ఏ రోజు వస్తారో ముందు రోజు ఫోన్ చేస్తే చాలు, ముహూర్తాలున్న రోజైనా ఉదయం పూట వీలు చేసుకుంటాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
గాజువాక, విశాఖపట్నం