బస్సులో మిగతా యాభై ఎనిమిది మంది: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఆర్టీసీ సిటీ బస్సు ఎక్కితే చదువుకోవడానికి బోలెడంత ఉంటుంది. చేతులు, తల బయట పెట్టరాదు. పొగ తాగరాదు. టికెట్ లేని ప్రయాణం నేరం. స్త్రీల సీట్లలో స్త్రీలనే కూర్చోనివ్వండి. వేధింపు ఎదురైతే ఫలానా నంబరుకు ఫోన్ చేయండని ఆడవాళ్ళకు ఒక సూచన. అన్నీ కావలసినవే, కాదనను. కానీ అరవై మంది ఉన్న బస్సులో వేధించేవాడు ఒకడు, ఆ బాధ పడే మనిషి ఒకరు. మిగతా యాభై ఎనిమిది మందీ ఏం చేయాలో చెప్పే రాత నాకైతే ఇంతవరకూ ఏ బస్సులోనూ కనబడలేదు. ఈ ఉత్తరం వాళ్ళ గురించే. నేనూ రోజూ ఆ యాభై ఎనిమిది మందిలో ఒకదాన్ని.

2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలైంది. 2025 జూలైకల్లా ఉచిత ప్రయాణాలు 200 కోట్లు చేరాయని మీ ప్రభుత్వమే పండగ చేసింది. పక్క రాష్ట్రంలోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే నడుస్తోంది కాబట్టి, నేను రాసేది విజయవాడ బస్సులకూ వర్తిస్తుంది. ఈ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను కలవను. ఆటో చార్జీకి భయపడి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ళు పనికి, చదువుకి, ఆస్పత్రికి, చివరికి ఊరికే చెల్లెల్ని చూసి రావడానికి బయల్దేరడం కళ్ళారా చూస్తున్నాను. కాకపోతే రద్దీ పెరిగింది. రద్దీని సాకుగా వాడుకునేవాడికి పని సులువైంది. "డ్రైవర్ బ్రేక్ వేశాడు కదమ్మా, తగిలింది" అంటాడు. అది బ్రేకుకు తగిలిన చెయ్యి అవునో కాదో ఆమెకు తెలుసు, వాడికి తెలుసు, పక్కనే రాడ్డు పట్టుకుని నిలబడ్డ మనకీ తెలుసు. తెలిసీ కిటికీ బయటికి చూస్తాం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం లేదు. 2014 అక్టోబరులో ఆడవాళ్ళను వేధించేవాళ్ళను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, వచ్చాయి. 2024 మార్చిలో ఆడవాళ్ళ ప్రయాణాన్ని పోలీసులు ఫోన్ ద్వారా గమనించే టీ-సేఫ్ వచ్చింది. సిటీ బస్సుల్లో ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య ఇనుప జాలీలు కూడా పెట్టి చూశారు. వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: ఆమెను విడిగా ఉంచాలి, లేదా ఆమె పోలీసులకు ఫోన్ చేయాలి. వణికే చేత్తో ఫోన్ తీసి, నంబరు నొక్కి, బస్సు ఎక్కడుందో చెప్పేలోగా వాడు ఎర్రగడ్డలో దిగి జనంలో కలిసిపోతాడు. పోలీసు వాహనం ఎంత తొందరగా వచ్చినా, అడుగు దూరంలో నిలబడ్డ మనిషి కన్నా ముందు రాలేదు.

మరి ఆ అడుగు దూరంలో ఉన్నవాళ్ళు ఎందుకు నోరు మెదపరు? మంచితనం లేక మాత్రం కాదు. వాడు తిరగబడతాడేమోనని ఒక భయం. తీరా అడిగాక ఆ అమ్మాయే "ఏం లేదండీ" అనేస్తుందేమోనని ఇంకొకటి. ఆమె అలా అనడానికి ఆమె కారణాలు ఆమెకు ఉంటాయి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయం చిన్నదేమీ కాదు. అన్నిటికన్నా పెద్దది స్టేషన్ భయం. మా కాలనీలో ఒక పెద్దాయన ఇలాగే ఒకణ్ణి పట్టుకుని అప్పగించారు. తర్వాత ఒక స్టేషన్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. వెళ్ళిన ప్రతిసారీ బెంచీ మీద కూర్చోబెట్టడం, "సార్ లేరు, రేపు రండి" అనడం. చివరికి ఒకాయన అడిగిన ప్రశ్న: "ఆ అమ్మాయికీ నీకూ ఏంటి సంబంధం?" ఇప్పుడా పెద్దాయన బస్సెక్కగానే కళ్ళు మూసుకుంటారు. నిద్ర వచ్చి కాదు.

ఆయనకు అరవై దాటాయి. పోలీసుల దర్యాప్తు పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 179వ సెక్షన్ ప్రకారం అరవై దాటిన మగవాళ్ళనూ, ఏ వయసు ఆడవాళ్ళనైనా సాక్షులుగా స్టేషన్‌కు రప్పించకూడదు, వాళ్ళు ఉన్నచోటికే పోలీసులు వెళ్ళాలి. ఈ సంగతి ఆయనకు తెలియదు. పిలిచినవాళ్ళకు తెలిసే ఉండాలి.

ఇక్కడ మీ శాఖకే చెందిన ఒక వింత చెప్పాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాణ్ణి ఆస్పత్రికి చేర్చినవాళ్ళను వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి వాళ్ళ రక్షణకు 134ఎ సెక్షన్ చేర్చారు. మరుసటి ఏడు నిబంధనలూ వచ్చాయి: సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్ష్యం చెప్పడానికి వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళకు వీలైన చోటే తీసుకోవాలి. ఇప్పుడు కేంద్రం రాహ్‌వీర్ పేరుతో 25,000 రూపాయల బహుమతి కూడా ఇస్తోంది. అంతకుముందు రక్తమోడుతున్న మనిషిని చూసి కూడా జనం బండి ఆపేవాళ్ళు కాదు. మనుషులు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, సాయం చేస్తే మెడకు చుట్టుకుంటుందన్న భయాన్ని చట్టం కొంత తగ్గించింది. మరి అదే రోడ్డు మీద, బస్సు బయట పడ్డవాణ్ణి ఆదుకున్న మనిషికి ఉన్న రక్ష, బస్సు లోపల ఒక అమ్మాయిని ఆదుకున్న మనిషికి ఎందుకు ఉండకూడదు?

హోం శాఖతో కలిసి ఒక ఉత్తర్వు ఇప్పించండి. బస్సులో వేధింపు గురించి చెప్పిన తోటి ప్రయాణికుల వాంగ్మూలం ఇంటి దగ్గరో ఫోన్‌లోనో తీసుకోవాలని, వాళ్ళ పేరు, ఫోన్ నంబరు అవతలివాడి చెవిన పడనీయకూడదని, అయినదానికీ కానిదానికీ పిలవకూడదని అందులో ఉండాలి. అదే నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ సాక్షుల రక్షణ పథకం తేవాలి. అందులో బస్సు ప్రయాణికులకూ ఒక పేరా రాయిస్తే చాలు.

"జనాన్ని ఎగదోస్తే కొట్టి చంపుతారు" అని అధికారులు మీతో అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మనవాళ్ళకు రెండే తెలుసు: చూసీ చూడనట్టు ఊరుకోవడం, లేకపోతే దేహశుద్ధి. పేపర్లలో ఆ మాట ఎంత ముచ్చటగా రాస్తారో! 2018 మే నెలలో చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆ గుంపు చూస్తూ ఊరుకోలేదు కదా, కదిలింది! అలాంటి కదలిక నాకు వద్దు. మరోవైపు 2011 అక్టోబరులో ముంబైలో, తమ స్నేహితురాళ్ళను ఏడిపించినవాళ్ళకు ఎదురు నిలబడ్డ కీనన్ సాంటోస్, రూబెన్ ఫెర్నాండెజ్ అనే ఇద్దరు యువకులు కత్తిపోట్లకు బలైపోయారు. కాబట్టి ఎవరినీ వీరులు కమ్మని కూడా నేను అడగను.

ఊరుకోవడానికీ కొట్టడానికీ మధ్య చాలా జాగా ఉంది. దాన్ని మా బస్సులో చూపించింది ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర సంచులతో ఎక్కిన ఒక ముసలామె. ఒక కాలేజీ అమ్మాయి వెనక ఒకడు, వెనక్కి జాగా ఉన్నా జరగకుండా, రాసుకుంటూ నిలబడ్డాడు. అమ్మాయి బ్యాగు ముందు నుంచి వెనక్కి వేసుకుంది, పక్కకి జరిగింది, వాడూ జరిగాడు. ముసలామె వాడి వైపు చూడనైనా చూడలేదు. "ఏమే పిల్లా, నన్ను గుర్తువట్టలేదా? మీ అమ్మ మంచిగున్నదా? ఇటు రా, గీ సంచి జర పట్టుకో" అంది. ఆ అమ్మాయికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వచ్చి ముసలామె మోకాళ్ళకు ఆనుకుని నిలబడింది. "ఏ క్లాసు? పేరేంది?" అని ముసలామె అప్పుడు అడుగుతుంటే ముందు సీట్లో వాళ్ళకు నవ్వొచ్చింది. పేరు కూడా తెలియని పిల్లకు అమ్మ క్షేమం అడిగిందన్నమాట! వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు. గొడవ లేదు, చెంపదెబ్బ లేదు, వీడియో లేదు.

ఇది ఎవరూ నేర్పని తెలివి. కానీ నేర్పించవచ్చు. 2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ గృహహింస మీద బెల్ బజావో అని ప్రచారం నడిపింది. పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్ళి బెల్లు కొట్టండి, పాలు కావాలనో బంతి పడిందనో ఏదో ఒకటి అడగండి, అంతే. లోపల కొట్టేవాడికి బయట వినేవాళ్ళు ఉన్నారని తెలుస్తుంది. బస్సులోనూ అంతే. టైమెంతయిందని వాణ్ణి అడగడం, ఇద్దరి మధ్యా వెళ్ళి నిలబడటం, "ఇక్కడ కూర్చోమ్మా" అని లేవడం, కండక్టరుకు చెప్పడం. ఏదీ చేయలేకపోతే దిగాక "నేను చూశాను, కావాలంటే సాక్ష్యం చెబుతాను" అనడం. ఈ ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నేనేమైనా ఊహించుకున్నానా అని రాత్రంతా కుమిలిపోయే పిల్లకు దాని విలువ తెలుస్తుంది. ఫోన్‌లో తీసినవాళ్ళు ఆ వీడియో ఆమెకే ఇవ్వాలి. ఆమె అడగకుండా వాట్సాప్‌లో పెట్టడం ఇంకో వేధింపు.

జనం ఎక్కువైతే ఎవరికి వారు పక్కవాళ్ళు చూసుకుంటారులే అనుకుంటారని పాత సిద్ధాంతం ఒకటి ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో 219 వీధి గొడవల సీసీ కెమెరా దృశ్యాలు పరిశీలించిన పరిశోధకులకు వేరే సంగతి కనబడింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారు, జనం ఎక్కువున్న చోట ఆ అవకాశం ఇంకా పెరిగింది. అవి బయటికి కనబడే గొడవలు, బస్సులో చెయ్యి కనబడకుండా కదులుతుంది, నిజమే. అయినా రద్దీ బస్సును మనం ప్రమాదంగా మాత్రమే చూస్తున్నాం. సాయం కూడా ఆ రద్దీలోనే ఉంది.

ఇక కండక్టర్లు. ఉచిత ప్రయాణానికి జీరో టికెట్లు కొట్టాలి, ఆధార్ చూడాలి, చిల్లర ఇవ్వాలి, స్టేజీ దాటేలోగా టికెట్ల మిషన్లో లెక్క తేలాలి, చెకింగ్ స్క్వాడ్ ఎక్కి తేడా పట్టుకుంటే మెమో. వాళ్ళకు ఇంకో బరువు ఎత్తమనడం నాకే ఇబ్బందిగా ఉంది. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ మీద కూడా ప్రయాణికులు నోరు పారేసుకుంటారు, చెయ్యి చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి, అప్పుడూ మనం కిటికీ బయటికే చూస్తాం. అందుకే వాళ్ళకు కావలసింది బాధ్యత కాదు, అధికారం. తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో తన మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ఆడవాళ్ళను అదేపనిగా చూడటం, ఈల వేయడం, కన్ను కొట్టడం, ఫొటోలు తీయడం లాంటివి చేసేవాణ్ణి కండక్టరు దింపేయవచ్చు, లేదా దారిలో పోలీసులకు అప్పగించవచ్చు. కండక్టరే తప్పు చేస్తే ఏమిటన్నదీ అందులో రాశారు. నిబంధనల సవరణకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, అది మీ చేతిలో పని. దాంతోపాటు హకీంపేటలో ఆర్టీసీ సిబ్బందికి ఇచ్చే శిక్షణలో ఒక పూట దీనికి ఇవ్వండి. ఫిర్యాదు వస్తే కండక్టరు ఏమనాలి, డ్రైవరు బస్సు ఎక్కడ ఆపాలి, ఆలస్యమైతే దానికి మెమో ఉండదని ఎవరు రాసివ్వాలి అన్నవి అక్కడ తేలాలి. ఆఖరిది తేలకపోతే మిగతావి చెప్పినా ఎవరూ పాటించరు.

ఇంకో మాట. మహాలక్ష్మిలో ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం ఇచ్చారు, మంచి పని. వాళ్ళు ఎక్కి కూర్చుంటే పక్క సీటు ఖాళీ అవుతుంది, వెనక నుంచి ఇకిలింపులు మొదలవుతాయి, "ఆధార్ తీయి" అనే కండక్టరు గొంతు కూడా మారుతుంది. ఇక్కడ దెబ్బలాడాల్సిన విలన్ ఒకడంటూ ఉండడు, బస్సు మొత్తం కలిసి చేసే పని ఇది. ఒక్క మనిషి వెళ్ళి ఆ ఖాళీ సీట్లో మామూలుగా కూర్చుంటే ఇకిలింపు సగం చల్లారుతుంది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం వాళ్ళ మీద లైంగిక దాడికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ శిక్ష పెట్టింది. మహిళ మీద చెయ్యి వేస్తే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి ఐదేళ్ళు. ఈ తేడా మీరు దిద్దగలిగింది కాదు. కండక్టరు గొంతు మాత్రం మీ శాఖ దిద్దగలదు.

చివరగా ఆ రాతల సంగతి. బస్సులో కొత్త బోర్డు పెట్టించేటప్పుడు ఈ ముక్కలు రాయించండి: "తోటి ప్రయాణికులు ఇబ్బంది పడుతుంటే మాట కలపండి. మధ్యలో నిలబడండి. కండక్టరుకు చెప్పండి. చెయ్యి చేసుకోకండి. మీ పేరు గోప్యంగా ఉంచుతాం." ఆ ఆఖరి వాక్యం రాయాలంటే ముందు ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు లేకుండా బోర్డు ఒక్కటే పెట్టిస్తే మా కాలనీ పెద్దాయన లాంటివాళ్ళు ఇంకొందరు తయారవుతారు. కాబట్టి ముందు ఏ డిపోలో మొదలుపెడతారో, ఎప్పటిలోగా పెడతారో తెలియజేయగలరు.

ఇట్లు,
హైదరాబాద్ సిటీ బస్సు ప్రయాణికురాలు