వార్షిక నివేదిక: జట్టు ఎంపిక వివాదాలపై ఈ ఏడాది మన చర్చలు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు, ఈ ఏడాది నెలవారీ సమావేశాలను భారత క్రికెట్ జట్టు ఎంపికలో వివాదం రేపిన నిర్ణయాల చర్చకే కేటాయించాము. మ్యాచ్‌లు కలిసి చూడడం, పిల్లలకు స్కోరు రాయడం నేర్పడం యథాప్రకారం సాగాయి కనుక వాటిని ఇక్కడ విస్తరించడం లేదు.

చర్చలు మొదలుకాకముందే కార్యవర్గం ఒక నియమం పెట్టింది. ఏ నిర్ణయాన్నైనా అది వెలువడిన రోజుకు తెలిసి ఉన్న విషయాలతోనే తూచాలి, ఆ తరువాత జరిగినవాటిని సాక్ష్యంగా తీసుకురాకూడదు. ఈ నియమం చాలామందికి, నివేదిక రాస్తున్న నాకు కూడా, మొదట మింగుడు పడలేదు. 2003 ప్రపంచకప్‌కు వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను కాదని దినేశ్ మోంగియాను తీసుకున్న సంగతి ఎత్తగానే, 2004 జనవరిలో ఆస్ట్రేలియా గడ్డపై లక్ష్మణ్ చేసిన మూడు వన్డే శతకాలను సభ్యులు గుర్తు చేశారు. అవి ఎంపిక తరువాతివి కనుక పక్కన పెట్టవలసి వచ్చింది. లక్ష్మణ్ కోల్‌కతాలో చేసిన 281 పరుగులు టెస్టు ఇన్నింగ్స్‌లోవి కనుక వన్డే జట్టుకు అవి కొలమానం కాదని మనలోనే ఒక పెద్దాయన అన్నారు. మోంగియా అప్పటికి కొన్ని నెలల ముందు, 2002 మార్చిలో, గువాహటిలో జింబాబ్వేపై 159 పరుగులతో అజేయంగా నిలిచారు, ఎడమచేతి స్పిన్ కూడా వేయగలరు. ఆ సాయంత్రం సెలెక్టర్ల వాదన మేము ఊహించినంత బలహీనంగా కనిపించలేదు. అయినా 134 టెస్టులు, 86 వన్డేలు ఆడిన మన హైదరాబాదు బ్యాటరు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆట ముగించారన్న బాధ ఏ నియమానికీ లొంగేది కాదు.

మహిళా సభ్యులు నడిపిన సమావేశం 2018 నవంబరులో ఆంటిగ్వాలో ఇంగ్లండ్‌తో జరిగిన టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్‌కు మిథాలీ రాజ్‌ను పక్కన పెట్టిన నిర్ణయం గురించి. మన జట్టు 112 పరుగులకే ఆలౌటై ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది, కానీ ఫలితం సాక్ష్యం కాదు. పాకిస్తాన్, ఐర్లండ్ జట్లపై ఆమె అర్ధశతకాలు చేశారన్నదీ, ఆమె గాయంతో ఆడని ఆస్ట్రేలియా మ్యాచ్‌లో జట్టు గెలిచిందన్నదీ ఆ రోజుకు తెలిసినవే. గెలిచిన జట్టును మార్చకూడదనుకోవడం అర్థం లేని మాట కాదని అంగీకరిస్తూనే, గాయం వల్ల ఆగిన క్రీడాకారిణి కోలుకున్నాక ఆమె స్థానం ఆమెకు తిరిగి దక్కాలని సభ్యులు తేల్చారు. నేనూ ఆ అభిప్రాయంతోనే ఉన్నాను.

ఎక్కువ కాలం తీసుకున్నది 2019 ప్రపంచకప్‌కు అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్న విషయం. రెండు సమావేశాలు దానికే సరిపోయాయి. 2018 అక్టోబరులో వెస్టిండీస్‌పై ముంబయిలో శతకం, 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 90 పరుగులు చేసిన రాయుడు బ్యాటింగు క్రమంలో నాలుగో స్థానానికి కుదురుకున్నట్టే కనిపించారు. అయితే ఆ వెంటనే స్వదేశంలో ఆస్ట్రేలియాపై మూడు మ్యాచ్‌లలో కలిపి ఆయన చేసినవి 33 పరుగులే, అందులో మొదటి మ్యాచ్ మన ఉప్పల్‌లోనే జరిగింది. ఏప్రిల్ 15న జట్టును ప్రకటిస్తూ, విజయ్ శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడింటా పనికొస్తారని సెలెక్షన్ కమిటీ అధ్యక్షులు ఎం.ఎస్.కె. ప్రసాద్ కారణం చెప్పారు. ఆంధ్రకు ఆడిన రాయుడిని ఆంధ్రవారైన ప్రసాదే తప్పించారన్న మాట ఆనాడు చాలాచోట్ల వినిపించింది, కానీ ప్రాంతాన్ని బట్టి సెలెక్టరును తప్పుపట్టడాన్ని మన సభ సమ్మతించలేదు. చెప్పిన కారణంలోనూ సభ్యులు పెద్ద లోపం చూడలేదు. లోపం ఆ తరువాతి నిర్ణయంలో ఉంది. రాయుడిని స్టాండ్‌బైగా, అంటే ఎవరైనా వైదొలిగితే పిలవదగిన ఆటగాడిగా, పేర్కొన్నారు. విజయ్ శంకర్ కాలి వేలి గాయంతో వైదొలిగినప్పుడు మాత్రం అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని ఓపెనర్ మయాంక్ అగర్వాల్‌ను పిలిపించారు. జట్టుకు అప్పుడు ఓపెనరే అవసరమై ఉండవచ్చు, కానీ స్టాండ్‌బై అన్న మాటను నమ్ముకుని ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట విలువ ఏమిటో ఎవరూ చెప్పలేదు. రాయుడు 2019 జూలై 3న రిటైర్మెంట్ ప్రకటించారు. 55 వన్డేలలో ఆయన సగటు 47.05.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ పేస్ బౌలరు మహమ్మద్ సిరాజ్. 2025 చాంపియన్స్ ట్రోఫీకి ఆయనను తీసుకోనప్పుడు, కొత్త బంతి ఇవ్వకపోతే ఆయన ప్రభావం తగ్గుతోందని అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ బాహాటంగానే అన్నారు. సభ్యుల్లో సగంమంది ఆ మాటతో ఏకీభవించలేదు, నేను కూడా ఏకీభవించలేదు. కానీ ఇక్కడ వాదించడానికి ఒక మాట ఉంది, బౌలరుకు సరిదిద్దుకోవడానికి ఒక విషయం ఉంది.

ఈ చర్చల ఫలితంగా, పెద్ద టోర్నమెంటుకు జట్టును ప్రకటించినప్పుడు ఎంపిక చేసినవారితో పాటు తప్పించినవారికి, స్టాండ్‌బైలకు కూడా వర్తించే కారణాలను లిఖితపూర్వకంగా వెల్లడించాలని కోరుతూ క్రికెట్ బోర్డుకు పంపవలసిన లేఖ ముసాయిదాను కార్యవర్గం సిద్ధం చేసింది. ఒక్క అంశంపై మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు: ఫిట్‌నెస్ కారణంగా తప్పించినప్పుడు ఆ వివరాలను బయటపెట్టడం ఆటగాడి ఆరోగ్య విషయాన్ని వీధిన పెట్టడమేనని కొందరు సభ్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ పేరాను ఖాళీగా ఉంచాము. ముసాయిదా ప్రతి మన గ్రంథాలయంలో ఉంది. సవరణలను సర్వసభ్య సమావేశానికి ముందే రాతపూర్వకంగా అందజేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి