మూలమీద బోర్డులు కనబడనివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధి మూలల మీది లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు బోర్డులు ఒక్కొక్కటిగా ఫ్లెక్సీల చాటుకి పోతున్నాయి. దీనివల్ల వయసు మళ్లినవాళ్లకి ఎంత ఇబ్బందో మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పోస్టుమేనుగా చేసి రిటైరైనవాణ్ని. బ్రాడీపేట బీటు చాలాకాలం నాదే. 4/14 అంటే కొత్తవాళ్లకి ఇంటి నంబరేమో అనిపిస్తుంది గానీ, నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసే చోటని గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. డోర్ నంబరు తప్పు రాసినా, వానకి తడిసి పేరు సగం చెరిగిపోయినా, ఆ రెండంకెలు సరిగ్గా ఉంటే ఉత్తరం చేరేది. ఇక్కడ పని నేర్చుకున్న కుర్రాళ్లని లాలాపేట బీటుకి వేస్తే మాత్రం మొదట్లో తికమకపడేవారు. అక్కడ సందు ఎటు తిరుగుతుందో ఏ అంకే చెప్పదు. వేపచెట్టో, మసీదో, పిండిమరో గుర్తు పెట్టుకోవాలి. 2022లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు ఆ కుర్రాళ్లే గుర్తొచ్చారు. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఫోన్లలో ఆడిన దారి వెతికే ఆటని ఆధారం చేసుకుని, చిన్నప్పుడు పెరిగిన ఊరిని బట్టి దారి పోల్చుకునే నేర్పు ఎలా ఉంటుందో చూశారు. గళ్లలాంటి తిన్నటి వీధుల్లో పెరిగినవాళ్లు వంకర దారుల్లో సగటున కాస్త వెనకబడ్డారట.

మా అక్కయ్య ఇల్లు కూడా బ్రాడీపేటలోనే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకి ఆ వీధులే లోకం. ఇప్పుడు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు, మొదటి దశ. ఇంటికీ గుడికీ మధ్య ఒక్కతే వెళ్లొస్తుంది, డాక్టరుగారు కూడా నడక మాన్పించొద్దన్నారు. పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున, చేతిలో కొబ్బరిచెక్కల పళ్లెంతో మూలమీద నిలబడిపోయి కనిపించింది. నన్ను చూసి, "ఇక్కడ మందుల షాపు ఉండాలి కదరా, ఎప్పుడు తీసేశారు?" అంది. షాపు ఎక్కడికీ పోలేదు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, రెండు వెదురు బొంగులకి బిగించి, షాపు పేరునీ దాని పక్కనున్న లైను బోర్డునీ కలిపి కప్పేసింది. ఒక కొస పట్టుకుని పక్కకి లాగాను. అక్కయ్య అంకెని పైకి చదువుకుంది. ఇంకేమీ అడక్కుండా ఇంటివైపుకే తిరిగి నడిచింది.

ఆమెకి జబ్బు కాబట్టి అలా జరిగిందిలే అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. దీని గురించి దొరికినదల్లా చదివాను. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో, హిప్పోకాంపస్ అనే భాగంలో, ఒక వింత కణాన్ని చూశారు. ఎలుక ఫలానా చోటికి వస్తేనే అది పలుకుతుంది, అంటే చురుగ్గా మారుతుంది. మరో చోటికి వెళితే దాని బదులు ఇంకో కణం. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ల బృందం హిప్పోకాంపస్ పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో మరో రకం కణాలను పట్టుకుంది. అవి ఎక్కడెక్కడ పలికాయో ఆ చుక్కలన్నీ కలిపితే నేలంతా సమాన త్రికోణాల అల్లికలా వచ్చింది. మన బ్రాడీపేట గళ్లు చదరాలు, మెదడు గళ్లు త్రికోణాలు. ఓకీఫ్‌కీ మోసర్ దంపతులకీ 2014లో నోబెల్ వచ్చింది. అల్జీమర్స్ తొలిరోజుల్లోనే దెబ్బతినే చోట్లలో ఈ ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. తెలిసిన వీధిలోనే దారి తప్పడం ఆ జబ్బు తొలి లక్షణాల్లో ఒకటి కావడానికి కారణం అదేనంటున్నారు.

వీటన్నిట్లో నా మనసులో నాటుకున్నది 1987లో ముల్లర్, క్యూబీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. గుండ్రటి తొట్టిలాంటి గదిలో ఎలుకని వదిలారు. గోడంతా ఒకే రంగు, ఒక పక్కన మాత్రం తెల్ల అట్ట. తర్వాత ఆ అట్టని జరిపి ఇంకో పక్కన పెట్టారు. గది అదే, నేల అదే, కానీ ఎలుక మెదడులో ఓకీఫ్ చూసిన ఆ కణాలు గీసే పటం మొత్తం అట్టతోపాటే తిరిగిపోయింది. అంటే, తల లోపలి పటాన్ని నిలబెట్టేది బయట కదలకుండా ఉండే గుర్తు. అలాంటి గుర్తులనే మనం మూలమూలనా వారానికోసారి కప్పేసి, రంగులు మార్చేసి, మళ్లీ విప్పేస్తున్నాం. ఆరోగ్యంగా ఉన్నవాడు ఇంకో గుర్తు వెతుక్కుంటాడు. పటమే చిరుగుతున్న మనిషి ఏం చేయాలి?

ఫోన్లుండగా బోర్డులెందుకని మా వీధి కుర్రాళ్లే అడిగారు. 2017లో లండన్‌లోని సోహో వీధుల మీద చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, మనిషి సొంతంగా దారి వెతుక్కునేటప్పుడు కొత్త వీధిలోకి మళ్లినప్పుడల్లా హిప్పోకాంపస్ చురుగ్గా పనిచేస్తుంది. ఎటు తిరగాలో యంత్రం చెబుతుంటే ఆ చురుకు కనబడలేదు. అదే ఊళ్లో ట్యాక్సీ లైసెన్సుకి దాదాపు 25,000 వీధులు నేర్చుకోవాలి. నేర్చుకుని పరీక్ష నెగ్గినవాళ్లలో హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగిందని 2011లో ఎలినార్ మాగ్వైర్ బృందం చూపించింది. దారి తెలియడం పుట్టుకతోనే వచ్చే విద్య కాదు, నడిస్తే, చూస్తే వచ్చేది. చూడ్డానికి మూలమీద ఏదో ఒకటి ఉండాలి కదా! పైగా మా అక్కయ్య లాంటివాళ్ల చేతిలో ఆ ఫోను పెట్టినా ఉపయోగం లేదు.

అధికారులకు నా విన్నపం. ప్రతి మూలనా లైను, అడ్డరోడ్డు నంబర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో, తల ఎత్తకుండానే కనబడేంత ఎత్తులో రాయించండి. మూలకి ఇరుపక్కలా పదేసి అడుగుల మేర ఏ ఫ్లెక్సీకీ అనుమతి ఇవ్వకండి, ఎవరిదైనా సరే. లాలాపేట, పాత గుంటూరు సందుల్లో అంకెలు పనికిరావు. అక్కడ జనం నోట్లో నలిగిన పేరే బోర్డు మీద ఉండాలి. ఆ పేర్లు కావాలంటే ఆ బీట్లలో ఇప్పుడు తిరుగుతున్న పోస్టుమేన్లని అడగండి, గంటలో రాసిస్తారు.

ఫ్లెక్సీలు కట్టించే పెద్దలకీ ఒక మాట. పుట్టినరోజులు ఘనంగా చేసుకోండి, ఎవరూ కాదనరు. బొంగు పాతేముందు మాత్రం ఆ మూలన బోర్డు ఉందేమో చూసి, పదడుగులు అవతల పాతించండి.

ఇట్లు
ఒక విశ్రాంత పోస్టుమేన్, గుంటూరు