మాల వేసుకున్న పిల్లాడు గేటు బయటేనా?

సంపాదకుల వారికి,

అయ్యప్ప మాలతో వచ్చిన విద్యార్థిని స్కూల్ గేటు దగ్గరే ఆపేశారన్న వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. అప్పుడే రాయాల్సింది. "మతాన్ని ఇంట్లో పెట్టి పిల్లల్ని బడికి పంపండి" అని ఒక పాఠకుడు రాసిన లేఖ చూశాక ఇక ఆగలేకపోయాను. 41 రోజుల దీక్ష అంటే బడి వేళకు తీసేసి సాయంత్రం మళ్లీ వేసుకునేది కాదండీ.

నిరుడు మా అబ్బాయి మాల వేసుకున్నాడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పుల్లేవు, నోట ఒక్క మాట తూలలేదు, చదువు కూడా తగ్గలేదు. స్కూల్‌కు ముందే కాగితం రాసిచ్చాం. అయినా నల్ల బట్టలు యూనిఫాం కాదని ప్రేయర్ అయ్యేదాకా అందరి ముందూ పక్కన నిలబెట్టారు. ఇంటికొచ్చి మాల తీసేస్తా నాన్నా అన్నాడు. అదే స్కూల్లో బతుకమ్మ ఆడిస్తారు, క్రిస్మస్‌కు స్టార్ కడతారు, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడతారు. మేడారం జాతరకు మన దగ్గర సెలవు కూడా ఇస్తారు. పండుగకు పనికొచ్చే భక్తి, ఒక పిల్లాడు నిష్ఠగా పాటిస్తే క్రమశిక్షణకు అడ్డం ఎలా అవుతుంది?

ఇది ఒక్క అయ్యప్ప స్వాముల గోడు కాదు. శుక్రవారం నమాజుకు ఒక గంట అడిగే కాజీపేట పిల్లాడికీ, తలకు స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయికీ ఇదే టెన్షన్. తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లల్ని కేరళలో బడి నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. గుర్తింపు పొందిన బడిలో ఏ పిల్లాడినీ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మత ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. మా పాప అడ్మిషన్ ఫారంలో కులం అడిగారు, మతం అడిగారు, ఈ సమ్మతి మాత్రం ఎవరూ అడగలేదు. రోజూ ప్రార్థన మాత్రం చేయిస్తున్నారు.

బడిలో మా మతం బోధించమని మేము అడగడం లేదు. అది ఇంట్లో మేము చూసుకుంటాం. మేము నేర్పిన దానికి పిల్లాడు సిగ్గుపడేలా చేయొద్దంటున్నాం, అంతే.

ప్రతి కార్తీకంలో ఇదే తంతు. ఒక బడిలో ఆపుతారు, బయటి నుంచి జెండాలతో వచ్చి గేటు ముందు నినాదాలిస్తారు, యాజమాన్యం క్షమాపణ చెబుతుంది, అధికారి విచారణ జరుపుతామంటారు. ఆ విచారణలో ఏం తేలిందో మళ్లీ ఏ పేపర్లోనూ రాదు. నినాదాలిచ్చినవాళ్లు వెళ్లిపోయాక అదే క్లాసులో కూర్చోవాల్సింది ఆ పిల్లాడే, ఆ సంగతి ఎవరికీ పట్టదు.

హన్మకొండ, వరంగల్ జిల్లాల విద్యాశాఖ అధికారులు వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఒక్క సర్క్యులర్ ఇవ్వాలి. దీక్ష బట్టలు, నమాజు వేళ, స్కార్ఫ్, ప్రార్థనకు సమ్మతి, అన్నీ అందులో రాయాలి. అన్ని మతాలకూ ఒకటే నియమం ఉండాలి. దాన్ని ప్రతి బడి నోటీసు బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలి.

— ఒక తండ్రి, హన్మకొండ